చెల్లెలి నవల్లో అక్క లేదు

మా చెల్లెలు ఇంగ్లీషులో ఒక నవల రాసింది. నేను ఎన్నో ఏళ్ళుగా తెలుగులో కథలు రాస్తున్నాను. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టుకుంటే చాలు, నాకు కడుపులో మంట మొదలవుతుంది. నా కథలు అచ్చువేసిన పత్రికల్లో సగం మూతపడ్డాయి, మిగతా సగం ఎవరి ఇంటికి వెళ్తున్నాయో నాకే తెలియదు. దాని నవల మాత్రం విమానాశ్రయంలో అద్దాల అరలో నిలబడి వచ్చేపోయేవాళ్ళను చూస్తోంది. మా చెల్లెలికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. కాబట్టి నా కథ ఒక్కటి కూడా అది చదవలేదు. నేను మాత్రం దాని పుస్తకం వచ్చిన రోజే కూర్చుని చివరిదాకా చదివాను, నాకోసం వెతుక్కుంటూ.

నేను లేను. నవల్లో కథంతా ఒక పిల్లది, ఆ పిల్ల తల్లికి ఒక్కతే కూతురు.

ఆ పిల్ల కె.ఆర్.పురంలో ఒక వఠారంలో పెరుగుతుంది. పసితనంలో జ్వరం వస్తే చాలు, మూర్ఛలు వస్తుంటాయి. తల్లి ఆ పిల్లను బాబయ్యకు మొక్కుతుంది, మేరీమాతకు మొక్కుతుంది, వీధి చివర మారెమ్మకు మొక్కుతుంది. ఆ మొక్కుల నడుమ పిల్ల పెరిగి పెద్దమనిషి అవుతుంది. అంతే కథ. దాని మీద వచ్చిన సమీక్షల్లో ప్రతీకలు, సంగమం, సమ్మిళితం లాంటి పెద్దపెద్ద మాటలు వాడారు. మా ఇంట్లో వాటినెవరూ ఆ పేర్లతో పిలిచేవాళ్ళం కాదు. మా అమ్మ దృష్టిలో దేవుళ్ళకు కులమూ మతమూ లేవు. పని చేసే దేవుళ్ళు, పని చెయ్యని దేవుళ్ళు అని రెండే రకాలు.

చెల్లెలి మూర్ఛల విషయంలో ముగ్గురూ పని చేశారని అమ్మ నమ్మకం. అందుకే ముగ్గురి మొక్కులూ ఏటా బాకీ లేకుండా తీర్చేది. సెప్టెంబరులో పక్క వాటా తమిళం ఆంటీ వెంట శివాజీనగర్ చర్చి పండక్కి వెళ్ళేవాళ్ళం. అమ్మ ఆంటీలాగే కాషాయం చీర కట్టుకునేది. చెల్లెలి పేరు మీద ఒక మైనపు బొమ్మ కొని, చీర కట్టిన మేరీమాత ముందు పెట్టించేది. జనంలో చెల్లెలు నలిగిపోతుందని దాన్ని చంకనెత్తుకునేది. నాకు దక్కిన పని చెప్పుల కాపలా. అందరి చెప్పులూ పోగేసుకుని బయట కూర్చుని, లోపల మా చెల్లెలు దేవతకు ఎంత దగ్గరగా ఉందో ఊహించుకుంటూ కుళ్ళుకునేదాన్ని.

మేరీమాతనైనా ఓర్చుకున్నానుగానీ బాబయ్యను ఓర్చుకోలేకపోయాను.

బాబయ్య అంటే మా వైపు మొహర్రం పీర్లు. అత్తిబెలె దాటాక ఉంది మా అమ్మమ్మ ఊరు. అక్కడ సాయిబుల ఇళ్ళు కొన్నే అయినా బాబయ్య పండగ మాత్రం ఊరందరిదీ. మొక్కుకున్నవాళ్ళు ఆ పండక్కి ఫకీరు అవుతారు. పీర్ల చావడిలో పీర్లను చూసుకునే ముజావరు చక్కెర మీద దువా చదివి, నోట్లో కొంచెం పెట్టి, మెడలో లాడి వేస్తాడు. లాడి అంటే ఎరుపు, ఆకుపచ్చ, పసుపు నూలు కలిపి పేనిన దారం. ఆ దారం మెడలో పడ్డాక పిల్ల ఇక పిల్ల కాదు. జోలె తగిలించుకుని ఇంటింటికీ వెళ్తే పెద్దవాళ్ళు కూడా గడప దిగి వచ్చి, జోలెలో బియ్యమో చక్కెరో వేసి దండం పెడతారు. నన్ను చూస్తే చెవి మెలిపెట్టడం తప్ప ఇంకో పలకరింపు తెలియని మా మేనమామ మా చెల్లెలి కాళ్ళకు మొక్కడం నేను కళ్ళారా చూశాను. అది ఆ ఠీవితోనే నా వైపు తిరిగి, జోలె బరువుగా ఉంది పట్టుకో అక్కా అంది.

పట్టుకున్నాను. ప్రతి ఏడూ పట్టుకున్నాను.

నాకూ లాడి వేయించమని అమ్మను అడిగితే ఎప్పుడూ ఒకే జవాబు వచ్చేది. "నీకేమొచ్చిందే? గుండ్రాయి మాదిరి ఉండావు." ఆరోగ్యంగా ఉండటం నా తప్పయిపోయింది. ఒకసారి వఠారం నడుమ కిందపడి, చెల్లెలిలాగే కళ్ళు తేలేసి కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాను. అమ్మ వచ్చి చూసింది. తొట్టిలోంచి చెంబుడు నీళ్ళు తెచ్చి మొహాన కొట్టి, "లేసి గిన్నెలు తోము" అనేసి వెళ్ళిపోయింది. ఆ రోజు గిన్నెలు తోముతూ మా చెల్లెలి మీద పెట్టుకున్న ఏడుపు ఇంకెవరి మీదా, ఎప్పుడూ పెట్టుకోలేదు.

నాకు పన్నెండేళ్ళు నిండిన ఏడు అమ్మ ఎందుకో మెత్తబడింది. పండక్కి ముందు బస్సులో కూర్చున్నాక, "ఈతూరి నీకూ లాడి వేయిస్తాలే, ఊరికే మొగం మాడ్చుకోవద్దు" అంది. స్కూళ్ళు తెరిచిన కొత్త. కిటికీలోంచి చినుకులు పడుతున్నాయి. అత్తిబెలె వచ్చేదాకా నేను ఎవరితోనూ మాట్లాడలేదు. మాట్లాడితే అమ్మ మాట మార్చేస్తుందేమో అని భయం.

మర్నాడు పొద్దున లాడి వేస్తారనగా, అమ్మమ్మ ఇంటి వెనక దొడ్లో నా లంగాకు రక్తం కనబడింది.

అదేమిటో నాకు తెలుసు. వఠారంలో పెరిగిన పిల్లకు తెలియకుండా ఉండదు. చెప్తే ఏమవుతుందో కూడా తెలుసు. చాప, కంచం, చెంబు వేరే పెట్టి, మూల కూర్చోబెట్టి, చిమ్మిలి తినిపిస్తారు. చావడి ఛాయలకు కూడా రానివ్వరు. ఆ లాడి కూడా మా చెల్లెలి మెడలోనే రెండు పేటలుగా పడుతుంది. అది తలుచుకోగానే నాకు ఏడుపు ఆగిపోయింది. అమ్మమ్మ పాత చీర కొంగు చింపి మడత పెట్టుకున్నాను. లంగా మార్చుకున్నాను. చెల్లెలు ఒక్కతే చూసింది. ఎవరికన్నా చెప్పావంటే చంపుతానన్నాను. అది నా మొహం చూసి తల ఊపింది.

చావడిలో ముజావరు నా నోట్లో చక్కెర పెట్టాడు. మెడలో లాడి పడింది. కొత్త నూలు గరుకు నాకిప్పటికీ గుర్తుంది. ఆ రోజు నా జోలె నేనే మోసుకున్నాను. మా మేనమామ గడప దిగి వచ్చి నాకు దండం పెట్టాడు. సాయంత్రం గుండం చుట్టూ అందరూ తిరుగుతుంటే నేనూ తిరిగాను. బాబయ్యకు కోపం వస్తే నిప్పుల్లోంచి ఏదైనా లేచి నా మీద పడుతుందని కాసేపు చూశాను. ఏమీ పడలేదు. నా జన్మలో అంత గర్వంగా ఇంకెప్పుడూ నడవలేదు. కె.ఆర్.పురం తిరిగొచ్చాక, అప్పుడే అయినట్టు అమ్మకు చెప్పాను. అమ్మ చేయాల్సినవన్నీ చేసింది. పెద్దమనిషినయ్యాక ఇక నాకు లాడి వేసే మాటే రాలేదు.

నాకంటూ ఉన్న కథ అదొక్కటే. ఎన్నోసార్లు రాయాలనుకున్నాను. అమ్మకు ఎవరైనా చదివి వినిపిస్తారేమోనన్న జంకుతో ఒక్కసారీ రాయలేదు.

మా చెల్లెలు రాసేసింది. నవల్లో మూర్ఛలు వచ్చే పిల్లా అదే, రక్తం దాచుకుని చావడికి వెళ్ళే పిల్లా అదే. అందరూ మెచ్చుకున్న అధ్యాయం అదే. ఫోన్లో గట్టిగా అడిగాను. "అక్క క్యారెక్టర్ ఉంటే స్టోరీ రెండుగా చీలిపోతుందని ఎడిటర్ అనింది అక్కా. నిన్ను తీసేయలేదు, నాలో కలిపేసుకున్నా" అంది, ముద్దుగా. చిన్నప్పుడు అమ్మను కలిపేసుకుంది, ముగ్గురు దేవుళ్ళను కలిపేసుకుంది, ఇప్పుడు నన్ను. నేను ఫోన్ పెట్టేశాను. మళ్ళీ వారం తిరక్కుండా అమ్మను తీసుకుని ఆ పుస్తకం సభకు వెళ్ళాను. వెళ్ళకపోతే కుళ్ళుకుంటున్నానని దానికి తెలిసిపోతుంది కదా.

సభ బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక కాఫీ షాపు మేడ మీద. జనం బాగానే వచ్చారు. అదీ నచ్చలేదు నాకు. ఒక కాలేజీ మేడం నవల గురించి ఇంగ్లీషులో మాట్లాడింది. అమ్మ నా మోచేయి గిల్లింది. "ఏమంటా ఉండాదే ఆయమ్మ?"

"లాడి అంటే తల్లికీ బిడ్డకూ నడుమ బొడ్డుతాడు లాంటిదంట."

"అట్లనా" అంది అమ్మ సంతోషంగా. "బాగా చెప్తా ఉండాదే."

మేడం ఇంకా ముందుకు వెళ్ళింది. మేరీమాత చీర, మారెమ్మ వేపాకు అయ్యాక ఆ అధ్యాయానికి వచ్చింది. ఆ పిల్ల రక్తం వట్టి రక్తం కాదట, మొహర్రానికి మూలమైన కర్బలా యుద్ధంలో చిందిన రక్తమట. ఒక మతం దుఃఖం ఇంకో మతం ఆడపిల్ల ఒంట్లోంచి పలుకుతోందట. చెల్లెలు బుగ్గ మీద వేలు పెట్టుకుని, ఇదంతా తను అనుకునే రాసినట్టు తల ఊపుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రక్తం కర్బలాది కాదు మేడం, నాది. లేచి ఆ మాట అనేద్దామని కుర్చీ అంచుకు జరిగాను. పక్కన అమ్మ ఉంది. అంటే అమ్మకు తెలుస్తుంది. అనకపోతే ఇది జన్మంతా చెల్లెలిదే అయిపోతుంది.

అంతలో చెల్లెలు పుస్తకం తెరిచి ఆ అధ్యాయమే చదవడం మొదలుపెట్టింది. గొంతు బాగా పెట్టి చదివింది. ముందు వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది.

"ఏం చదవతా ఉండాదే?" అంది అమ్మ.

నేను చెప్పాను. అమ్మ మొహం చూడకుండా చెప్పాను. ఒక పిల్ల బాబయ్య పండగ రోజు పెద్దమనిషి అయిందంట. చెప్తే లాడి వేయరని గుడ్డ పెట్టుకుని చావడికి పోయిందంట. "ఎవరికీ తెలియకుండా చేసిందంటమ్మా."

అమ్మ మెల్లగా, "తెలీకుండా ఏంది? నాకు తెల్సు గదా" అంది.

నాకు అర్థం కాలేదు. కథలో అట్లా లేదమ్మా అన్నాను.

"కథ కాదు. నీ సంగతి చెప్తా ఉండా. అమ్మమ్మ చీర కొంగు ఎవురు చింపినారు, ఎలకనా? పొద్దున నువ్వు నడిచేది చూస్తానే తెల్సిపాయె."

సభ జరుగుతూనే ఉంది. నాకేమీ వినబడలేదు. "మరి నన్ను ఎందుకు అడగలేదు?" అన్నాను.

"అడిగితే చెప్తావు. చెప్తే మూల కూర్చోబెట్టల్ల. నీ లాడి పాయె. అన్నేండ్లు ఏడిస్తివి దానికోసరం."

"తప్పు కాదా అమ్మా?"

"తప్పే. మొక్కు చెల్లిది గదా. నువ్వు ముట్టుతో దాని పక్కనే నిలబడితివి. బాబయ్యకు కోపమొస్తే దాని మీదికే వస్తుంది. మల్లా కాళ్ళు చేతులు కొట్టుకుంటాదేమో అని, పండగైనంక చానా దినాలు దాన్ని నా పక్కలోనే పండబెట్టుకున్న్యా." అమ్మ కొంగు సర్దుకుంది. "ఏమైతే అది కానీ అనుకుంటి, నీ మొగం చూసి."

నేను అమ్మ చేయి పట్టుకున్నాను. చెల్లెలి ప్రాణం కోసం అమ్మ ఎవరెవరి గుమ్మాలు ఎక్కి దిగిందో నాకు తెలుసు. ఆ ప్రాణాన్నే, ఒకే ఒక్క రోజు, నా కోసం గాలికి వదిలేసింది. ఇంత వయసొచ్చిన దాన్ని, ఆ మాట విని సిగ్గుపడాలి. చెల్లెలికి అప్పుడేమైనా అయి ఉంటే అని భయపడాలి. నాకు భయమూ వెయ్యలేదు, సిగ్గూ వెయ్యలేదు. పట్టరాని సంతోషం వేసింది. లేచి ఎవరికీ ఏమీ చెప్పాలనిపించలేదు. నవల దాన్నే ఉంచుకోమను.

చప్పట్లయ్యాయి. సంతకాలయ్యాయి. చెల్లెలు చేతిలో పూలతో మా దగ్గరికి వచ్చి కింద మోకాళ్ళ మీద కూర్చుంది. మేమిద్దరం గుసగుసలాడటం వేదిక మీంచి చూసినట్టుంది.

"నేను ఆ చాప్టర్ చదువుతుంటే అమ్మ ఏమో చెప్తా ఉండింది కదా అక్కా. ఏమంది? ప్లీజ్ చెప్పు, నెక్స్ట్ బుక్‌కి పనికొస్తుంది."

"మోకాళ్ళు నొప్పులంట" అన్నాను. "ఎంతసేపు కూర్చోవాలని అడుగుతా ఉండింది."

చెల్లెలు అమ్మ వైపు తిరిగింది. అమ్మ నా మొహం చూసింది. తర్వాత దాని తల నిమిరి, "అవునమ్మా, నొప్పులే" అంది.