దండెం మీద డ్యూటీ బట్టలు

ఆదివారమంటే నాకు మొదటినుంచీ పడదు. మా ఆయన గని వర్క్‌షాపులో పనిచేస్తాడు. ఆదివారం డ్యూటీకి డబ్బులు ఎక్కువ, పిలిచారంటే ఎగిరి గంతేసి పోతాడు. సెలవురోజు డ్యూటీని మా దగ్గర ప్లేడే అంటారు. ఆట ఎవరిదో నాకు తెలియదు గానీ, ఇంట్లో మిగిలేది నేనూ, ఆరని బట్టలూ, ఎక్కడా కాలు నిలవనివ్వని ఒక చిరాకూ. అలాంటప్పుడు హుషారు పాట చెవిన పడితే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరో ఎవరినో వదిలి వెళ్లిపోయిన సినిమా పాట కావాలి. అందులో వాన పడాలి, రైలు కదలాలి, చరణం చివరికొచ్చేసరికి పాడేవాడి గొంతు కాస్త బొంగురుపోవాలి. అప్పుడుగానీ నాకు కూర తరగబుద్ధి కాదు.

"ఎవలన్న సచ్చిన్రా ఏంది, గా పాటలు?" అని మా ఆయన ఎక్కిరించేవాడు. ఇప్పుడు ఆ మాట అనడు.

గోదావరిఖనిలో మా క్వార్టర్లు రెండేసి కలిసి ఉంటాయి, మధ్యలో ఒకటే గోడ. అవతలి ఇంట్లో ఒక అన్న, అక్క ఉండేవాళ్లు. చుట్టరికం ఏమీ లేదు, గోడ కలిపిన వరసే. వాళ్ల ఒక్కగానొక్క కూతురిని కాసిపేటలో ఇచ్చారు. అన్న భూగర్భ బొగ్గు గనిలోకి దిగేవాడు, ఎక్కువగా రాత్రి షిఫ్టు.

మా క్వార్టర్ల లైన్లో ఒక పద్ధతి ఉంది. రాత్రి షిఫ్టు నుంచి వచ్చినవాడి డ్యూటీ బట్టలను ఇంటావిడ అప్పటికప్పుడు ఉతికి వాకిట్లో దండెం మీద వేస్తుంది. ఎంత ఉతికినా నలుపు వదలని ఆ ప్యాంటూ చొక్కా కనిపించాయంటే లోపల మనిషి పడుకున్నాడని అర్థం. ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. పిల్లలు బంతి పట్టుకుని అవతలి లైనుకు పోతారు. కూరగాయల బండాయన కూడా కేక వేయకుండా దాటిపోతాడు. నేను పాట తగ్గిస్తాను.

ఒకసారి పూర్తిగా ఆపబోతే అన్నే వద్దన్నాడు. "బంద్ వెట్టకు చెల్లె, సన్నగ వెట్టు. నీ ఏడుపు పాటలింటె నాకు జల్ది నిద్ర వడ్తది." నేను గుండె పిండుకుని వినే పాట ఆయనకు జోలపాట అయిందా అని నాకు కాస్త పౌరుషం వచ్చింది. అయినా అప్పటినుంచి చిన్న స్పీకరును ఆ గోడ వైపుకే తిప్పి పెట్టేదాన్ని.

నిరుడు వానాకాలం, ముసురు పట్టిన ఒక ఆదివారం. అన్న డ్యూటీ నుంచి వచ్చి పడుకున్నాడు, ముసురైనా బట్టలు దండెం మీదికి వచ్చాయి. నేను పాట సన్నగా పెట్టాను. మధ్యాహ్నం దగ్గర్లోని ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగి గూట్లో గిన్నెలు గలగలలాడాయి. అన్న లేవలేదు. ఆ మోతకు ఆయన ఎప్పుడూ లేచేవాడు కాదు. ఇల్లు ఊడిస్తే చప్పుడవుతుందని అక్క అన్నం మీద మూతపెట్టి మా ఇంటికొచ్చి కూర్చుంది. ఇద్దరం గుసగుసగా ముచ్చట్లు పెట్టుకున్నాం. పొద్దు వాలాక అక్క ఇంటికి పోయి చాయ్ పెట్టి, అన్నను లేపుదామని ముట్టుకుంటే ఒళ్లు చల్లగా తగిలింది.

పడుకున్న కాసేపటికే గుండె ఆగి ఉంటుందని దవాఖానలో చెప్పారు. పోయిన మనిషి నిద్ర చెడకూడదని మా లైనంతా ఆ రోజు నోరు మూసుకుని తిరిగిందన్నమాట.

పాటలు మానేశాను. అక్క చెవిన అవి మళ్లీ పడకూడదనుకున్నాను. అక్క అందరిలాగే ఏడ్చింది, అందరిలాగే మళ్లీ పొయ్యి ముట్టించింది. ఒక్క మాట మాత్రం వదల్లేదు. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లకూ అదే చెప్పేది: "నేను పక్కింట్ల ముచ్చట వెడ్తున్న. ఆయన ఒక్కడే వోయిండు." నన్ను అన్నది కాదని తెలుసు. అయినా ఆ మాట విన్నప్పుడల్లా ఏదో పని ఉన్నట్టు లేచి మా ఇంట్లోకి వచ్చేసేదాన్ని.

అన్న పోయాక కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయాల్సిన గడువు దగ్గరపడింది. కూతురి దగ్గరికి పోవడానికి అక్క సామాను సర్దడం మొదలుపెట్టింది. అప్పుడే ఒక ఆదివారం ఆకాశం మబ్బేసి ఉంది. మా ఆయన డ్యూటీకి పోయాడు, నాకు మనసు ఎక్కడా నిలవలేదు. ఉండబట్టలేక పాట పెట్టాను, కాస్త పెద్దగానే. చెత్త పారేద్దామని వాకిట్లోకొస్తే పక్క దండెం మీద డ్యూటీ ప్యాంటూ చొక్కా ఆరేసి ఉన్నాయి. పెట్టెలో పెట్టేముందు అక్క ఒకసారి ఉతికింది, అంతే. నేను గబగబా లోపలికి పోయి పాట తగ్గించాను. తగ్గించాక, ఎవరి కోసం తగ్గించానో తట్టి అక్కడే నిలబడిపోయాను.

గోడ అవతల వెక్కిళ్లు వినపడ్డాయి. పరుగెత్తి పోయేసరికి అక్క కింద కూర్చుని చెంప గోడకు ఆనించి ఉంది. తప్పయింది అక్కా, ఆపేస్తా అన్నాను. నా చెయ్యి పట్టుకుంది.

"ఆపకు చెల్లె. ఆనాడు గూడ గిట్లనే సన్నగ వచ్చింది గద. ఆయన ఒక్కడే వోలేదు. పాట ఇనుకుంట వోయిండు."

ఆమె పక్కనే కూర్చుని నేనూ ఏడ్చాను. పాట అయిపోయి ఇంకొకటి వచ్చింది. అదీ ఏడుపు పాటే.

అక్క వెళ్లింది కూడా ఆదివారమే. అల్లుడు ట్రాలీ ఆటో తెచ్చాడు. ఆమె అడగకపోయినా నేను స్పీకరును గోడ వైపు తిప్పి సన్నగా పెట్టాను. మంచం ఆటోలోకి ఎక్కిస్తూ అల్లుడు గట్టిగా ఏదో అనబోతే అక్క మెల్లగా అన్నట్టు చెయ్యి ఊపింది. అతను అయోమయంగా చూసి గొంతు తగ్గించాడు. సామానంతా ఎక్కాక ఆమె ఒక్కతే వెనక్కి వచ్చింది. ఆయన పడుకునే గదిలోకి తొంగిచూసి, తలుపు రెక్కలు రెండూ చేతులతో పట్టుకుని, చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.