పొయ్యికి కాపలా

మా అత్తగారు అట్రాక్టా గిల్‌హూలీ ఒక్క విషయంలో ఎవరి మాటా వినరు. వంటింట్లో చమురు పొయ్యి వెలుగుతున్నంతసేపూ దాని ముందు ఒక మనిషి ఉండి తీరాలి. చిక్కేమిటంటే, ఐర్లండులోని ఈ లీట్రిమ్ కొండల్లో మా పొయ్యి ఏడాది పొడుగునా వెలుగుతూనే ఉంటుంది.

అది పొయ్యంటే పొయ్యి కాదు, మీగడ రంగు పూత పూసిన ఇనప మేరు పర్వతం. పెరట్లో తొట్టి నుంచి సన్నటి గొట్టంలో కిరసనాయిలు వస్తుంది, లోపల మంట తన పని తాను చేసుకుపోతుంది. వంటంతా దాని మీదే. వేణ్ణీళ్లు దాని చలవే. తడి మేజోళ్లు ఆరేది దాని ముందున్న కమ్మీ మీదే. చలికి వాలిపోయిన గొర్రెపిల్లని కింది అరలో, తలుపు తీసి పడుకోబెడితే కాసేపటికి అరుస్తూ లేస్తుంది. ఇంత చాకిరీ చేసే పొయ్యిని అత్తగారు మాత్రం దొంగని చూసినట్టు చూసేవారు.

"మనం వీపు తిప్పితే ఇదేం చేస్తుందో తెలీదు," అనేవారు.

మా పెళ్లినాడు కూడా, పక్క పొలం ఫింటన్ మల్వీ వచ్చి పొయ్యి ముందు కూర్చున్నాకే ఆవిడ చర్చికి బయల్దేరారు. ఫింటన్ ముసలి బ్రహ్మచారి, మహా రోషగాడు. రోజూ మధ్యాహ్నం అత్తగారికి ఊళ్లో ఏదో ఒక పని తగిలేది. ఆయన టోపీ ఒళ్లో పెట్టుకుని సాయంత్రం దాకా కాపలా కాసేవాడు. నేను ఇంట్లోనే ఉన్నా సరే, ఆవిడ నన్ను నమ్మేవారు కాదు.

"అత్తయ్యా, ఊరంతా ఇవే పొయ్యిలు. ఎవరూ కాపలా పెట్టుకోరు."

"వాళ్లవి బుద్ధిగల పొయ్యిలు."

"అన్నీ ఒక్క కొట్లో కొన్నవే కదా."

"మీ ఆయనా వాళ్ల అన్నయ్యా ఒక్క ఇంట్లోనే పెరిగారు. ఒక్కలాగే ఉన్నారా?"

ఎప్పటికైనా ఈ కాపలా పిచ్చి వదిలించాలని పంతం పట్టాను.

ఆ జనవరిలో మంచు గట్టిగా పట్టింది. అత్తగారు ఎవరిదో అంత్యక్రియలకి వెళ్లారు. నేను గొర్రెలకి మేత వేసి వచ్చేసరికి వంటిల్లు చల్లబడిపోయి ఉంది. ఫింటన్ టోపీ నలుపుతూ నిలబడ్డాడు.

"నేను కాపలా ఉండగానే ఆరిపోయింది, అమ్మాయ్."

పొయ్యిలు బాగుచేసే కాహల్‌కి ఫోను చేశాను. అతనూ అత్తగారూ ఒకేసారి వచ్చారు. కాహల్ రాతి నేల మీద పడుకుని పొయ్యి అడుగున తల దూర్చాడు.

"కాపలా చేతకానివాణ్ని. ఇంకెవర్నైనా చూసుకో, అట్రాక్టా," అన్నాడు ఫింటన్ టోపీ పెట్టుకుంటూ.

"టీ తాగి వెళ్లు."

"నీ పొయ్యి ఆర్పేసి, నీ టీ కూడా తాగనా?"

అత్తగారి మొహం పాలిపోయింది. నేనది పట్టించుకోలేదు. నా ధ్యాసంతా కాహల్ మీదే ఉంది.

"కాహల్, పనయ్యాక అందరి ముందూ ఒక్కమాట చెప్పు. ఈ పొయ్యికి మనిషి కాపలా కావాలా, అక్కర్లేదా?"

అత్తగారు నా మోచెయ్యి పట్టి సామాన్ల గదిలోకి లాగి తలుపేశారు.

"నీ నోటికి తాళం వేస్తావా, తల్లీ? ఫింటన్ ఇంటి పొగగొట్టం కూలి ఎన్నేళ్లయిందో నీకు తెలుసా? చలికాలమంతా కోటు వేసుకునే పడుకుంటాడు. మనింటికి వచ్చి కూర్చోమంటే, నేనేమన్నా ముష్టివాణ్నా అన్నాడు. నాకు పొయ్యంటే భయం, కాస్త చూస్తుండమన్నాను. ఆ మధ్యాహ్నమే వచ్చాడు. ఇవాళ వెళ్లాడంటే మళ్లీ రాడు."

"అయితే మీకు భయం లేదా?"

"పొయ్యికి భయపడటమేంటే, పిచ్చిదానా."

నాకు సిగ్గేసింది. ఆవిడ మీద ఎన్నడూ లేనంత ప్రేమా కలిగింది. ఇంతలో అవతల కాహల్ గొంతు వినపడింది.

"గొట్టంలో నీళ్లు చేరి గడ్డకట్టాయి, అంతే. వెలిగించాను. ఇక కాపలా సంగతంటారా..."

ఇద్దరం పరుగెత్తాం. ఫింటన్ చెయ్యి అప్పటికే తలుపు గడియ మీద ఉంది.

"మంట ఆరితే చమురు దానంతటదే ఆగిపోయే ఏర్పాటుంది. కాబట్టి..."

"ఆగకపోతే?" అన్నాను.

"ఆగుతుందండీ."

"ఒకవేళ ఆగకపోతే, కాహల్?"

మా ఆయన్ని నిలదీసేటప్పుడు వాడే గొంతు అది. కాహల్ నన్ను చూశాడు. ఫింటన్ వెనక నిలబడి శిలువ గుర్తు వేసుకుంటున్న అత్తగారిని చూశాడు. గడియ మీద నీలంగా కొంకర్లు పోయిన వేళ్లని చూశాడు.

"ఆగకపోతే ప్రమాదమే," అన్నాడు నెమ్మదిగా. "అసలు దీని వాలకమే నాకు నచ్చలేదు. ఆరగానే ఈయన చూడబట్టి సరిపోయింది. దీన్ని ఒంటరిగా మాత్రం వదలకండి."

ఫింటన్ గడియ వదిలాడు. కుర్చీ లాక్కుని పొయ్యి ముందు కూర్చుని దాన్ని పైకీ కిందికీ పరీక్షగా చూశాడు. తర్వాత నన్ను దగ్గరికి రమ్మని, అత్తగారికి వినపడకుండా గొంతు తగ్గించాడు.

"మీ అత్తది జాలిగుండె. నన్ను వెచ్చగా కూర్చోబెట్టడానికే ఈ కథ అల్లిందేమోనని ఇన్నాళ్లూ నాకు అనుమానం, అమ్మాయ్. అందుకే మొహమాటపడి మధ్యాహ్నాలే వచ్చేవాణ్ని. నిజంగా ఇంత ప్రమాదమైతే ముందే చెప్పొద్దూ? రేపట్నుంచి పొద్దున్నే వచ్చేస్తాను."