కంచి బల్లిని ముట్టిన చెయ్యి

మా అక్కకు నాలుగేళ్ళప్పుడు నాయన ఆమెను కంచికి తీసుకెళ్ళి, గుడి పైకప్పుకున్న బంగారు బల్లిని, వెండి బల్లిని ముట్టించాడు. చంకలో నేను ఏడుస్తున్నానని అమ్మ ఆ మెట్లెక్కలేదు, కిందే నిలబడిపోయింది. ఆ బల్లుల్ని ముట్టినవాళ్ళకు బల్లి మీద పడినా దోషం ఉండదంటారు. బల్లి పడ్డవాళ్ళు వాళ్ళను ముట్టుకున్నా చాలు, దోషం పోతుందంటారు. పుత్తూరులో మా వీధిలో కంచికి వెళ్ళొచ్చినవాళ్ళు ఇంకొందరు ఉన్నారు. కానీ మా అక్క చెయ్యి మంచిదని ఎవరో ఒకసారి అన్నారు. ఆ మాట నిలిచిపోయింది.

బల్లి పడ్డవాళ్ళు తలంటుకుని, తడిజుట్టుతోనే మా ఇంటికి వచ్చేవాళ్ళు. అక్క లెక్కలు చేసుకుంటూ ఎడమ చెయ్యి చాపేది. వాళ్ళు ముట్టుకుని కళ్ళకద్దుకుని వెళ్ళేవాళ్ళు. అక్కకు వాళ్ళ మీద కంటే బల్లుల మీదే జాలి. పడిన బల్లికి దెబ్బ తగిలిందా అని ఎవరూ అడగరేమిటని ఆమె ప్రశ్న.

అలా ఆమె బల్లుల్ని సాకడం మొదలుపెట్టింది. మా నడవలో దేవుడి పటాల వెనక నాలుగైదు ఉండేవి. సాయంత్రం ఉడికిన మెతుకులు నాలుగు గోడ అంచున పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి, కదలకుండా నిలబడేది. అవి దిగివచ్చి తినేవి. తొలకరి వానలకు ఉసుళ్ళు రేగినప్పుడు దీపం కింద పళ్ళెంలో నీళ్ళు పెట్టి, పడిన వాటిని ఏరి బల్లులకు వేసేది. స్విచ్చిబోర్డు వెనక దొరికిన గుడ్లను దూదిలో పెట్టి అగ్గిపెట్టెలో దాచేది. అగ్గిపుల్లంత పిల్ల బయటికొస్తే వీధంతా పిలిచి చూపించేది. ఒకదానికి తోక తెగి మళ్ళీ పొట్టిగా మొలిచింది. దాన్ని మొండితోక అనేది. అమ్మ చీపురు ఎత్తితే అడ్డం నిలబడేది.

ఎదురింటి అవ్వకు ఇదంతా వేడుక. "మే, దీనికి పెండ్లి సేస్తే మొగుడింటికి బల్లుల్నే సారె తీసకపోతాది సూడు" అనేది.

"తోక తెగిన దాన్ని నీకిచ్చి పోతాలే అవ్వా, నీ మాదిరే పొట్టిగా ఉండాది" అనేది అక్క.

డెబ్బైల చివర, అక్క కాలేజీలో చేరిన ఏడాది, ఆమెకు కీళ్ళు వాచాయి. తర్వాత ఆయాసం. గుండె చెడిందన్నారు. వేలూరు ఆస్పత్రికి తీసుకెళ్ళి వచ్చాక మంచం దిగలేదు. అప్పుడు కూడా తడిజుట్టుతో జనం వచ్చారు. అమ్మ గుమ్మంలో అడ్డం నిలబడితే లోపలినుంచి "రానీమ్మా" అనేది అక్క. దుప్పటి కిందినుంచి చెయ్యి బయటికొచ్చేది. వేళ్ళు వాచి ఉండేవి.

ఆమె పోయాక అమ్మ ఒకే మాట పట్టుకుంది. "అందరి దోసమూ తీసుకుండాది. లేదనకుండా తీసుకుండాది." నాయన చెప్పి చూశాడు, డాక్టరు మాటలు మళ్ళీ చెప్పాడు. అమ్మ వినలేదు. వీధి తలుపు మూసింది. ఎదురింటి అవ్వ పిలిచినా పలకలేదు. చెయ్యి ముట్టినవాళ్ళందరూ తన బిడ్డను చంపారని ఆమె లెక్క. ఆ లెక్కతోనే ఆమె లేచేది, పడుకునేది, సగం అన్నం వదిలేసేది.

సాయంత్రం బల్లులు గోడ అంచుకు దిగివచ్చేవి. మెతుకులు ఉండేవి కావు. అయినా వెళ్ళేవి కావు, తలలు కిందికి పెట్టి అలాగే అంటుకుని ఉండేవి. అమ్మ వాటికి పెట్టలేకపోయింది, తోలనూ లేకపోయింది. ఆ వేళకు నడవలోకి రావడం మానేసింది. నేను వచ్చి దీపం వేసేదాన్ని. నా నీడ గోడ మీద పడితే అవి ఒక్కసారి కదిలి, నన్ను చూసి మళ్ళీ ఆగిపోయేవి.

పుత్తూరుకు ఎముకలు విరిగినవాళ్ళు కట్టు కట్టించుకోవడానికి ఎక్కడెక్కడినుంచో వస్తారు. అలా వచ్చిన ఒకాయనకు నాయన మా ముందుగది బాడుగకిచ్చాడు. కడప వైపు రైతు. తొడ ఎముక విరిగింది. తోడుగా భార్య ఉంది. మా సంగతి వాళ్ళకేమీ తెలియదు.

ఒక మధ్యాహ్నం ఆ భార్య వగరుస్తూ వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"అమ్మా, మీ పాపను ఒక్కసారి పిలువమ్మా. మా ఆయప్ప మింద బల్లి పడిండాది. కట్టు కట్టేకాడ ఎవరో చెప్పినారు, ఈ ఇంట్లో కంచి బల్లిని ముట్టిన పాప ఉండాదని."

నేను నోరు తెరవబోయాను. అమ్మ నావైపు చూసింది. ఆగిపోయాను.

"యాడ పడింది?" అంది అమ్మ.

"నడినెత్తిన."

నడినెత్తిన పడితే చావు అంటారు. అమ్మ చేట కింద పెట్టి లేచింది.

"పాప లేదు. నేనుండాను. నేనూ ముట్టినాను."

వెనకే వెళ్ళాను. ఆ మనిషి మంచం మీద వెల్లకిలా ఉన్నాడు. సిగ్గుపడుతూ నవ్వాడు. "కాలిరిగింది సాలదని దానికి నా నెత్తే దొరికిందమ్మా" అన్నాడు.

అమ్మ నవ్వలేదు. అతని నెత్తిన అరచెయ్యి పెట్టింది. అక్క చెయ్యి తగిలీ తగలకముందే వెనక్కి వచ్చేసేది. అమ్మ చెయ్యి తియ్యలేదు. కళ్ళు మూసుకుంది. ఏదో రావలసింది ఉన్నట్టు, దానికోసం దారి ఇచ్చినట్టు నిలబడింది. ఆ మనిషి నవ్వు ఆగిపోయింది. అతని భార్య చేతులు జోడించింది. చాలాసేపటికి నేనే అమ్మ కొంగు పట్టి లాగాను.

వంటింట్లోకి వచ్చాక అడిగాను. "నువ్వు ముట్టలేదు కదమ్మా. ఇప్పుడా దోషం నీకొస్తే?"

అమ్మ చేట ఒళ్ళోకి తీసుకుంది. బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తల ఎత్తకుండా అంది.

"రాదు పాపా. అక్కకూ అట్ల రాలేదు."

ఆ మాట నాకు చెప్పిందో, తనకు చెప్పుకుందో తెలియదు. ఆ వారమంతా అమ్మ ఎక్కడ కూర్చుంటే నేనూ అక్కడే కూర్చున్నాను.