ఇంకొకరి భార్యగా ఓడెక్కమన్నారు

నా భర్త రంగంలో ఉన్న రోజుల్లో, నన్ను ఆయన దగ్గరికి ఏ దారిన పంపాలో తేల్చడానికి అనకాపల్లిలో మా ఇంటి అరుగు మీద మగవాళ్ళు చాలాసార్లు కూర్చున్నారు. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. రంగమంటే బర్మాలోని రంగూన్. మావైపు అలాగే అనేవాళ్ళం.

అంతకుముందు ఆ ఊరికి వెళ్ళడానికి దారి వెతుక్కోవడమనేదే లేదు. పెళ్ళయిన కొత్తలో విశాఖపట్నంలో టిక్కెట్టు కొని ఓడెక్కాం, అక్కడ దిగాం, అంతే. ఆయన ఒక బియ్యం మిల్లులో గుమాస్తా. రెండేళ్ళు కాపురం చేశాం. బాంబులు పడ్డాక ఆడవాళ్ళతో పాటు నన్నూ ఓడెక్కించి పంపేశారు. ఆయన కొన్ని నెలల తరవాత కొండలూ అడవులూ నడిచి, ఎముకల గూడులా వచ్చారు. యుద్ధం అయిపోగానే మిల్లువాళ్ళు రమ్మని రాస్తే మొదటి ఓడల్లోనే తిరిగి వెళ్ళిపోయారు. ఆరు నెలల్లో పిలిపిస్తానన్నారు. ఏడాది దాటింది. ఈలోగా అక్కడ కొత్త చట్టం వచ్చింది. పర్మిట్టు లేనిదే మనవాళ్ళని ఒడ్డున దిగనివ్వరట.

నేను మా బావగారింట్లో ఉండేదాన్ని. నా భర్తకి అన్నగారు ఆయన, బెల్లం బజారులో ఒక కొట్లో పని. బెల్లం దిమ్మని వేలితో నొక్కి అది ఎన్నాళ్ళదో చెప్పగలరు. ఆ ఒక్క విద్యతో లోకంలో మిగతావన్నీ తనకి తెలిసినట్టే మాట్లాడేవారు. ఆయన నమ్మిన మనిషి ఇంకొకడుండేవాడు, తాలూకా కచేరీ వరండాలో అర్జీలు రాసేవాడు. ముక్కు మీదికి జారిన కళ్ళజోడు, రేకు పెట్టె, నాలుగు ఇంగ్లీషు ముక్కలు. వాటితోనే ఊళ్ళో సగంమందిని ఆడించేవాడు.

ఒక ఉదయం వాడు మా అరుగు మీద కాళ్ళు బార్లా చాపి కూర్చున్నాడు.

"ఇదివరకు అక్కడుండి యుద్ధానికి పారిపోయొచ్చినోళ్ళకి ఒక దారుంది. పెళ్ళాన్ని పిలిపించుకోడానికి ఇంకో దారుంది. రెండూ కష్టవే," అన్నాడు.

"ఎందుకు కష్టం?" తలుపు వెనకనుంచి అడిగాను.

నా ప్రశ్నకి వాడు మా బావగారి మొహం చూసి జవాబు చెప్పాడు. "పెళ్ళయినట్టు రుజువు కావాలండి. తాళి సూపిత్తే ఒప్పుకుంటారేటి?"

నా పెట్టెలోంచి ఒక చీటీ తెచ్చి గడప మీద పెట్టాను. బాంబుల రోజుల్లో విశాఖపట్నంలో దిగినప్పుడు రేవు ఆఫీసువాళ్ళు రాసిచ్చింది. నా పేరు, ఫలానావారి భార్య అని ఆయన పేరు, రంగంలో మేమున్న వీధి, అన్నీ ఉన్నాయి అందులో. వాడు దాన్ని ముట్టుకోకుండానే నవ్వాడు.

"దుప్పట్లు పంచినపుడు ఇచ్చిన సీటీ ఇది. దీన్తో ఏటవుద్ది?"

"మరేటి సేద్దాం?" అన్నారు బావగారు.

అప్పుడు వాడు తన అసలు సరుకు బయటికి తీశాడు. రోలుగుంట వైపు మనిషి ఒకాయన ఉన్నాడట. అతనూ మునుపు రంగంలో ఉన్నవాడే. అక్కడ మునుపున్నవాళ్ళ పాత జాబితా చూసి భార్యాభర్తలిద్దరికీ పర్మిట్టు వచ్చింది. కాని ఆ భార్య, యుద్ధంలో బర్మానుంచి నడిచి వస్తుండగా దారిలోనే పోయింది. ఆవిడ వయసూ నా వయసూ ఒకటే.

"ఓడ దిగేదాకానే కదండి. దిగేక ఎవలి పెళ్ళాం ఆలదే," అన్నాడు.

మా బావగారు తొడ చరిచారు. పరపురుషుడు వాకిట్లో ఉంటే నన్ను గడప దాటనివ్వని మనిషి, పర్మిట్టు కాగితం ఒకటి దొరుకుతుందనేసరికి నన్ను ఇంకొకడి భార్యని చేయడానికి క్షణం ఆలోచించలేదు. నా తోటికోడలు కూడా, "అలా సూత్తావేటే? నాలుగు రోజులే గదా," అంది, చేటలో బియ్యం చెరుగుతూ.

ఆ రోలుగుంట మనిషి రెండు రోజుల తరవాత వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, నెత్తి మీద తుండుగుడ్డ, అరుగు చివర ఒదిగి కూర్చున్నాడు. పర్మిట్టు గుడ్డలో చుట్టి తెచ్చుకున్నాడు. అర్జీలవాడు అది చదివి, "ఈ పేరు బాగా బట్టీ పట్టమ్మా. ఓడ మీద ఆయన నిన్ను ఇలాగే పిలుత్తాడు," అన్నాడు.

నేను గడప దాటి బయటికొచ్చాను. బావగారు గుడ్లురిమారు. నేను ఆ మనిషినే అడిగాను.

"అన్నా, నన్ను ఆ పేరుతో పిలవగలవా?"

అతను తుండుగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "నాతో ఇలాగని సెప్పలేదమ్మా. దిక్కులేని ఆడమనిషి, తోడు తీసుకెల్లమన్నారంతే. నా పెళ్ళాన్ని నా సేతుల్తో ఏటి ఒడ్డున కప్పెట్టి వచ్చేను," అన్నాడు. కాగితం మళ్ళీ గుడ్డలో చుట్టుకుని, చెప్పులు తొడుక్కోవడం కూడా మరిచి, చేత పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ అరుగు మీద కూర్చున్న మగవాళ్ళలో నేను గౌరవించింది అతనొక్కణ్ణే.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా రైలెక్కి విశాఖపట్నం వెళ్ళాను. రేవు ఆఫీసులో ఒక ముసలి గుమాస్తా నా చీటీ చూసి, "దీన్ని మించిన రుజువేం కావాలమ్మా? భద్రంగా దాచుకున్నారు," అన్నాడు. తరవాత పాత కట్టలు వెతికి, నా భర్త తిరిగి వెళ్ళేటప్పుడు పెట్టుకున్న దరఖాస్తు నకలు బయటికి లాగాడు. చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివాడు.

"ఇందులో ఆయనకి పెళ్ళి కాలేదని ఉందే."

గుమాస్తా కుర్చీ నా వైపు తోశాడు. "ఈ రెండింట్లో ఒకటి అబద్ధం. మీ ఆయన అక్కడ ఆఫీసుకి వెళ్ళి తప్పు రాశానని ఒప్పుకుని, మీ చీటీ నంబరు వేసి, భార్య కోసం దరఖాస్తు పెట్టుకోవాలి. అదే తిన్నని దారి. మిగతావన్నీ చిక్కులే," అన్నాడు. ఆ దరఖాస్తు కింద, రాసినవాడి సంతకం కూడా చదివి వినిపించాడు. మా అర్జీలవాడిదే.

తిరిగొచ్చి, స్టేషన్నుంచి తిన్నగా కచేరీ వరండాకి పోయాను. పెళ్ళి కాలేదని ఎందుకు రాశావని నలుగురిలో అడిగాను. వాడు కలం కూడా కింద పెట్టలేదు.

"అప్పుడు ఒంటిగాళ్ళని ముందు పంపేవోళ్ళమ్మా. మీ ఆయనే అలా రాయమన్నాడు. పక్కన మీ బావగారు కూడా ఉన్నారు గదా!"

అంటే ముగ్గురికీ తెలుసు. ఏడాదిగా నా పెళ్ళికి రుజువు లేదని నా ముందు తలలు పట్టుకున్నది, ఆ పెళ్ళిని తమ చేతులతో కొట్టేసినవాళ్ళే.

గుమాస్తా చెప్పినదంతా నా భర్తకి రాశాను. జవాబు బావగారి పేర వచ్చింది. ఇప్పుడు అబద్ధమని ఒప్పుకుంటే తనని వెళ్ళగొడతారేమోనని భయంగా ఉందట, పెద్దలు చెప్పినట్టు నన్ను నడుచుకోమన్నారట. అడవుల్లో పులుల మధ్య నడిచొచ్చిన మనిషికి బల్ల వెనక కూర్చున్న ఒక అధికారిని చూస్తే చెమటలు పట్టాయి. నేను రెండు వాక్యాలు రాసి పోస్టు చేశాను. "మీకు పెళ్ళి కాలేదని మీరిచ్చిన కాగితం సర్కారు దగ్గరుంది. అది నిజమైతే నేను ఈ ఇంట్లో ఎవరి కోడలిగా ఉన్నానో మీ అన్నగారికి రాయండి."

ఆ సాయంత్రమే పెట్టె సర్దుకున్నాను. "పెళ్ళికాని తమ్ముడికి భార్య ఉండదు గదా బావగారూ," అని చెప్పి, బొగ్గుతో నడిచే బస్సెక్కి నక్కపల్లి దగ్గర మా అమ్మగారి ఊరు చేరాను. రెండు నెలలు చెరకు తోటలో ఆకు దులుపుతూ ఉన్నాను.

మా బావగారిని కదిలించింది న్యాయం కాదు, బెల్లం బజారు. మరదలేదీ అని కొట్టుకొట్టుకీ అడగడం మొదలుపెట్టారట. కచేరీ వరండాలో నేను అడిగిన మాట అప్పటికే బజారంతా పాకింది. వారం తిరక్కుండా ఆయన తమ్ముడికి తంతి కొట్టారు. నా భర్త వణుకుతూ ఆఫీసుకి వెళ్ళారు. అక్కడి అధికారి ఒకసారి కసిరి, ఇద్దరు తెలుగువాళ్ళ సాక్ష్యం రాయించుకుని, కొత్త కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడట. అంతే. ఎవరూ ఎవర్నీ వెళ్ళగొట్టలేదు. వానాకాలం వెళ్ళాక నా పర్మిట్టు వచ్చింది, నా పేరు మీద, ఆయన భార్యగా.

రంగం రేవులో దిగేసరికి ఆయన ఇస్త్రీ చొక్కాతో, ఇద్దరు మిత్రులతో నిలబడి ఉన్నారు. నా పెట్టె అందుకుంటూ వాళ్ళతో అంటున్నారు: "ఈ పర్మిట్టు కోసం ఎంత తిరిగేననుకున్నారు! నేను కాబట్టి సాధించేను."

మిత్రులు మెచ్చుకోలుగా తలలూపారు. నేను ఆయన మొహంలోకి చూశాను. ఆయన కళ్ళు దించుకుని, పెట్టె బరువుగా ఉందన్నారు. ముగ్గురినీ దాటుకుని ముందు నడిచాను. ఇరవై ఏళ్ళు కలిసి కాపురం చేశాం, వండి పెట్టాను, జబ్బు చేస్తే పక్కన కూర్చున్నాను. కాని ఆ మనిషి చెప్పిన చోట చదవకుండా ఒక్క సంతకం కూడా పెట్టలేదు.