చర్చావేదిక పెద్దాయన

మోడెం కీచురాయిలా అరిచి అరిచి, ఎంతసేపటికో గాని లైను కలవని రోజుల్లో ఈ రేడియో మెకానిక్కు ఊరివారి కోసం నెట్లో ఒక చర్చావేదిక పెట్టాడు. (ఆ అరుపును సంగీతమని మెచ్చుకొన్న రసికులూ లేకపోలేదు.) కొత్తవారిని పేరుపెట్టి పలకరించడం, పోట్లాడుకొన్నవారిని మందలించి కలపడం అతని నిత్యకృత్యం. కాలక్రమాన ఒక్కొక్కరే రావడం మానుకొన్నారు. అయినా నేటికీ పొద్దున్నే మెత్తని తువ్వాలుతో కీబోర్డు తుడిచి, "అందరికీ నమస్కారం" అని రాసి, కళ్లద్దాలు నుదుటికెత్తుకొని జవాబు కోసం కూర్చొంటాడు.

మొన్న చెల్లెలు తన ఫోనులో ఒక సోషల్ మీడియా గ్రూపు చూపించి, "అన్నయ్యా, వీళ్లంతా నీ వాళ్లేగా!" అంది. నిజమే, పాతవారందరూ అక్కడే చేరి, ఏళ్ల తరబడి ముచ్చట్లాడుకొంటున్నారు. "పెద్దాయన్ని పిలవలేదేంటి?" అని ఎవరో అడిగితే, "అమ్మో, వద్దు! ఆయనొస్తే బడిగంట కొట్టినట్టే" అని జవాబిచ్చినవాడు వీధి చివరి దర్జీ. అతనికి చెయ్యి పట్టి మౌసు కదపడం నేర్పింది ఈ మెకానిక్కే. కిందటి వారమే ఆ దర్జీ ఇతని చొక్కాకు కొలతలు తీసుకొంటూ, "ఇంకా నెట్టేంటన్నా! అందరం ఎప్పుడో మానేశాం" అన్నాడు.

"నిన్నూ చేర్చుకోమని అడగనా?" అంది చెల్లెలు.

"ఎందుకమ్మా? వాళ్లు నెట్ మానేశారు కదా!" అంటూ ఫోను తిరిగి ఇచ్చేశాడు.

మర్నాడు పొద్దున్న తువ్వాలు ముట్టుకోలేదు. దర్జీ కుట్టి పంపిన కొత్త చొక్కా మడత విప్పి, దానితో ఒక్కొక్క మీటా శ్రద్ధగా తుడిచి, యథాప్రకారం "అందరికీ నమస్కారం" అని రాశాడు.