మొదటి వద్దు

ఎలీషబా ఆ ఉదయం నాతో ఒక్క మాటైనా చెప్పకుండా ఎందుకు వెళ్ళింది? నలభై ఏళ్లుగా ఈ ప్రశ్నను తిరగేసి చూస్తూనే ఉన్నాను. నేను చదివిన పుస్తకాల్లో మనుషులు పోయేటప్పుడు ఏదో ఒకటి చెప్పి పోతారు. ఆమె పోయిన తీరు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

అప్పటికి మా మార్కాపురం కర్నూలు జిల్లాలో ఉండేది. నేను మిషన్ బడిలో పంతులమ్మను. ఎలీషబా పలకల గనిలో రాతిపొరలు చీల్చే కూలి మనిషి. ముప్పై ఏళ్లుంటాయి. ఆమె భర్త అదే గనిలో దుమ్ము పీల్చి, దగ్గి దగ్గి చనిపోయాడు. ఆమెకూ ఆ చలికాలం దగ్గు పట్టుకుంది.

ఆ ఏడే పలకరాయిని పరీక్షించడానికి ఒక ఫ్రెంచి దొర, భార్యతో వచ్చి ఊరి చివర ఇల్లు తీసుకున్నాడు. గని పని అయ్యాక ఎలీషబా అక్కడ అంట్లు తోమేది, కూరలు తరిగేది, వండి వడ్డించేది. దొరసానికి తెలుగు రాదు, ఈమెకు ఫ్రెంచి రాదు. ఆ భాషలో ప్రతి వస్తువూ మగదో ఆడదో అయి తీరాలని తెలిశాక, ఎలీషబా గనిలో పారేసిన పలక ముక్కలు రెండు తెచ్చి దొరసాని పొయ్యి పక్కన గోడకు ఆనించింది. ఒకదాని మీద మగవి, ఇంకొకదాని మీద ఆడవి, ఫ్రెంచి పేర్లన్నీ తెలుగు అక్షరాల్లో రాసుకుంది. ఉప్పు, కత్తి, ఉల్లిగడ్డ ఒకవైపు. చారు, బల్ల, గరిటె ఒకవైపు.

గని మేస్త్రి లింగయ్యకు ఇది పెద్ద వినోదం.

"ఏందే, ఉల్లిగడ్డ మగోడా?"

"అవును మామా. అందుకే కోసినప్పుడు ఆడోళ్ళు ఏడుస్తారు."

"మరి రొట్టె?"

"అదీ మగదే. రైల్లో వచ్చేసరికి నీ మాదిరే బిగుసుకుపోయుంటది."

మొదట్లో విస్తట్లో వడ్డించినట్టు అన్నీ ఒకేసారి పెట్టింది. దొరసాని చారు ఒక్కటి ఉంచుకుని మిగతావి వెనక్కి పంపింది. వాళ్ళకు ఒకటి ముగిశాకే ఇంకొకటి, మధ్యలో కబుర్లు. ఆ కబుర్లలోనే భాషంతా ఉందని ఎలీషబా కనిపెట్టింది. కూర కావాలనే ఆలస్యంగా తెచ్చి, తలుపు పక్కన నిలబడి వినేది. ఏడాది తిరిగేసరికి దొరసానితో ధరల గురించి వాదించేంత ఫ్రెంచి వచ్చింది.

ఒక శనివారం ఆమె మా ఇంటికి వచ్చి గడపలోనే కూలబడింది.

"పంతులమ్మా, దొరసాని వాళ్ళు పాండిచ్చేరి పోతున్నారు. అక్కడ ఆడపిల్లల హాస్టల్లో వంటిల్లు నాకిస్తానన్నది. మూడు దినాలాయె, మళ్ళీ అడగలా."

"నువ్వేమన్నావు?"

"వద్దన్నా."

"వద్దన్నావా?"

"మొదటిసారే సరే అంటే ఆశపోతుది అనుకోరా? ఎవరన్నా అన్నం తినమన్నా మనం అట్లనే గదమ్మా అంటాం."

వాళ్ళలో ఒకసారి వద్దంటే వద్దనే అర్థమని నేను పుస్తకాల్లో చదివాను. ఆ మాట చెప్పాను. ఆమె ముఖం పాలిపోయింది. వేరే వంటవాణ్ణి పంపమని మద్రాసుకు దొరసాని అప్పటికే ఉత్తరం రాయించిందట.

"దుమ్ములోనే పోవాలని రాసిపెట్టుందేమో," అంది. కాసేపటికి తనే లేచింది. "కాదులే. రేపు నువ్వు దొరసాని వంటింట్లో నిలబడు పంతులమ్మా, చాలు."

ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్ళాను. ఎండిపోయిన రైలు రొట్టెను ముక్కలు చేసి ఉల్లిగడ్డ చారులో నానబెట్టింది. చారు ముందు, కోడికూర తర్వాత, పండు చివర. దొర ఒక్కసారి వద్దనగానే గిన్నె తీసేసింది; కొసరలేదు. ఇంకోసారి అడగబోయి ఆమె నోరు మూసుకోవడం నేను తలుపు సందులోంచి చూశాను.

తర్వాత బల్ల ముందు నిలబడి ఫ్రెంచిలో మాట్లాడింది. నాకు అర్థమైంది "మదాం" అన్న మాట ఒక్కటే. మిగతాది తర్వాత తనే చెప్పింది: "మదాం, మా ఊళ్ళో మొదటి వద్దు మర్యాదకు. ఇంకోసారి అడగండి."

దొరసాని చేతిలోని గుడ్డ కింద పెట్టింది. నవ్వి, నెమ్మదిగా మళ్ళీ అడిగింది.

"వీ," అంది ఎలీషబా, సరే అని. నేను విన్న ఫ్రెంచి మాటల్లో అంత పెద్దది మరొకటి లేదు.

మద్రాసుకు వద్దని తంతి వెళ్ళింది. సోమవారం గనికి పోయి, లింగయ్య చేతిలో ఉలి పెట్టి, "దీన్ని ఆడదనుకుంటావో మగోడనుకుంటావో నీ ఇష్టం మామా," అని చెప్పి వచ్చింది. గనిలో ఆ రోజంతా అదే మాట.

బయల్దేరే రోజు స్టేషనుకు పోయే ఎడ్లబండి మా బడి ముందు నుంచే వెళ్ళాలి. ఆమెకివ్వడానికి చట్రం కట్టించిన కొత్త పలక ఒకటి పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. లింగయ్య కూడా వచ్చాడు. బండి దగ్గరయింది. ఎలీషబా ఇస్త్రీ చీరలో నిటారుగా కూర్చుని ఉంది, ఒళ్ళో ఆ రెండు పలక ముక్కలు.

"పోయొస్తానని చెప్పవేందే," అన్నాడు లింగయ్య.

బండి ఆగలేదు. ఎలీషబా దొరసానితో ఫ్రెంచిలో ఏదో చెబుతోంది, దగ్గకుండా, గబగబా. మా వైపు తిరగలేదు.