ఎర్మెలిందా పెట్టని విందు

మా పేటలో ఎర్మెలిందా కీస్పే పేరు చెబితే మొదట బంగాళాదుంపలు, ఆ వెంటనే పొయాద గుర్తుకు వచ్చేవి. లీమా నగరం ఇసుక కొండల మీదికి ఎగబాకిన చోట, సాన్ హసింతో సంతలో, ఆమె ఇరవై రెండేళ్లుగా దుంపలు అమ్ముతున్నది. ఎవరింట ఆపరేషన్ వచ్చిపడినా, ఎవరి రేకుల కప్పు గాలికి లేచిపోయినా, ఖర్చుల కోసం ఒక ఆదివారం కారం పట్టించిన కోడిముక్కలు వేయించి, పళ్లెం పదిహేను సోల్‌ల చొప్పున అమ్ముతారు. అదే పొయాద. దానిని దగ్గరుండి నడిపించేది ఎర్మెలిందాయే. పళ్లేనికొకటి చొప్పున చీటీలు ముందుగా తన చేతితోనే ఇచ్చేది. కొనేవారు ఆ ఇంటివారిని జబ్బు వివరాలు అడగరు. అడిగితే పదిహేను సోల్‌లకు వెనకాడుతున్నారని అర్థం. అది మా మర్యాద. దొంగలకు అక్కరకు వచ్చినదీ ఆ మర్యాదే.

ఒక శనివారం ఉదయం రొట్టెలమ్మే నతీవిదాద్ ఆమె దుకాణం ముందు ఆగి, గొంతు తగ్గించి అడిగింది.

"లిసెత్ ఎలా ఉందమ్మా? కళ్లు తెరిచిందా?"

"తెరవకేం? పొద్దున్నే నాతో పోట్లాడి మరీ పనికి పోయింది. నా కూతురికేమైంది?"

"నన్నడుగుతావేంటే! ఆపరేషన్ అని నువ్వే కదా రాశావు. రేపు పొయాద అన్నావు. నాలుగు పళ్లాలకి డబ్బు పంపాను, నువ్విచ్చిన కొత్త నంబరుకే."

"నేనా? చీటీ చేతిలో పెట్టకుండా ఎప్పుడైనా డబ్బు తీసుకున్నానా?"

"పిల్ల ఆసుపత్రిలో ఉంటే చీటీలు రాసే తీరిక ఎక్కడుంటుందిలే అనుకున్నా."

నతీవిదాద్ ఫోను తీసి చూపించింది. పేరు ఎర్మెలిందాదే, తల్లీకూతుళ్లు నవ్వుతున్న ఫొటో కూడా ఆమెదే. రాత మాత్రం ఒక్క అక్షరదోషమైనా లేకుండా ఉన్నది. ఎర్మెలిందా జన్మలో అంత శుభ్రంగా రాయలేదు. అయినా, కష్టంలో ఉన్న తల్లి రాతను తప్పులకోసం వెదికేవారెవరు?

ముందు రోజు సాయంత్రం నుంచి తన సందేశాల ఖాతా తెరుచుకోవడం లేదని ఆమెకు అప్పుడు తట్టింది. ఫోను ముసలిదైపోయిందనుకున్నది. దానికి ముందు, శుక్రవారం మధ్యాహ్నం, ఫావుస్తినా నుంచి ఒక సందేశం వచ్చింది: "కొమాద్రే, నాకు రావలసిన ఆరంకెల సంఖ్య పొరపాటున నీ ఫోనుకు వచ్చింది. వెంటనే పంపు." ఎర్మెలిందా పంపింది. తన ఖాతాకు తాళంచెవి ఆ అంకెలేనని ఆమెకు తెలియదు. ఫావుస్తినా కాక మరెవరడిగినా పంపేది కాదు. ఎదురు వరుసలో ఉల్లిపాయలమ్మే ఆ ఫావుస్తినాయే లిసెత్‌ను జ్ఞానస్నానం నాడు జ్ఞానతల్లిగా చేతులలో పట్టుకున్నది. ఆనాటి నుంచి ఇద్దరూ ఒకరికొకరు కొమాద్రేలు. మా దృష్టిలో అది తోబుట్టువు వంటి చుట్టరికం.

ఎర్మెలిందా దారి దాటి ఉల్లిపాయల గుట్ట ముందు నిలబడింది.

"నిన్న నువ్వు నన్ను ఆరంకెల నంబరు అడిగావా?"

ఫావుస్తినా తల ఎత్తలేదు. "నేను కాదు కొమాద్రే. నా ఖాతా గురువారమే పోయింది."

"గురువారం! నీకూ నాకూ మధ్య ఆరడుగుల దారి. కేకేస్తే సరిపోయేది కదే!"

"సిగ్గేసింది. ఫోన్లో ఎవరికీ ఏమీ చెప్పొద్దని సంతంతా బోధించేదాన్ని నేనే కదా. నవ్వుతారని..."

వెనుకనే వచ్చిన నతీవిదాద్ ఊరుకోలేదు. "ఆగు ఫావుస్తినా. నీ జ్ఞానపుత్రిక ఎలా ఉందని నిన్న సాయంత్రం నిన్నడిగాను. నువ్వు తల దించుకున్నావు. పిల్ల పరిస్థితి అంత విషమించిందేమోనని, కొందామనుకున్న ఒక్క పళ్లెం నాలుగు చేశాను!"

ఎర్మెలిందాకు అప్పటిదాకా దొంగ మీద కోపం ఉన్నది. దొంగకు ముఖం లేదు, ఊరు లేదు. ఈ తల దించుకోవడానికి మాత్రం ముఖం ఉన్నది.

"నా బిడ్డ బాగానే ఉందని నీకు తెలుసు. అది మోసమనీ తెలుసు."

"తెలుసు."

"ఒక్క మాట అనలేకపోయావు."

"అంటే నాదీ బయటపడుతుంది కొమాద్రే."

సంత కమిటీవారి గదిలో మైకు ఉంటుంది. ఎర్మెలిందా అక్కడికి వెళ్లి, మైకు అందుకుని చెప్పింది: "నేను ఎర్మెలిందాని. నా కూతురు బాగుంది. రేపు పొయాద లేదు. ఆరంకెల నంబరు పంపి మోసపోయింది నేను. ఆ అంకెలు అడిగింది మీ కన్నతల్లి అయినా పంపకండి. ముందు ఆమెకు ఫోన్ చేసి గొంతు వినండి. కుదరకపోతే నడిచి వెళ్లండి." ఫావుస్తినా పేరు ఎత్తలేదు.

కానీ మైకు సంత గోడల దాకానే వినిపిస్తుంది. డబ్బు పంపినవారిలో సగానికి పైగా కొండ మీద ఉన్నారు. పైగా ఫావుస్తినా ఖాతా ఇంకా దొంగల చేతిలోనే ఉన్నది; ఆమె పేరుతో ఇంకెవరినైనా అడగవచ్చు. ఎర్మెలిందా తిరిగి వచ్చి, దుంపల సంచీ మీది కాగితం చించి, పెన్సిలుతో ముందు తన ఫోన్లోని పేర్లు రాసుకున్నది.

"నీ ఫోన్లో ఉన్న పేర్లన్నీ చెప్పు."

ఫావుస్తినా ఒక్కొక్కటిగా చెప్పింది. నలభై మూడు పేర్లు. చివరి పేరు చెప్పాక అడిగింది: "కొండ మీదికి నేనూ రానా?"

"వద్దు. నువ్వు పక్కనుంటే నా మాట ఎవరూ నమ్మరు."

ఎర్మెలిందా కొండ మెట్లెక్కి ఒక్కొక్క తలుపూ తట్టింది. కొందరు కుర్చీ వేశారు, కొందరు తిట్టారు, ఒకామె ఏడ్చింది. పైవరుసలో, నీళ్ల తొట్టి పక్కన ఉండే పెద్దమనిషి దోన్ ఒలెగారియో మాత్రం తలుపు సగమే తెరిచాడు.

"మోసమంటున్నావు, సరే. నేనూ తెలివితక్కువవాణ్ణి కాను. డబ్బు పంపే ముందు సంతకొచ్చి ఫావుస్తినానే అడిగాను. ఆమె కాదనలేదే!"

ఎర్మెలిందా నోరు తెరిచింది. కొమాద్రేను వెనకేసుకురావడానికి ఇరవై ఏళ్లుగా అలవాటైన మాటలు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఒక్కటీ నాలుక మీదికి రాలేదు.

"అవును," అన్నది. "కాదనలేదు."

కాగితం మీద ఒలెగారియో పేరు కొట్టివేసి, తరువాతి మెట్టు ఎక్కింది.